ఈ పేరా ఇక్కడెందుకుంది? భాషా బోధన పద్ధతులు, శాస్త్ర రచన పొందిక: ఒక సమీక్ష

ఇంటర్ పరీక్షలు దగ్గరపడ్డాయంటే మన కాలేజీల్లో వినిపించే మాట ఒకటుంది: "సైడ్ హెడింగులు పెట్టి రాయండి. కింద గీత గీయండి. పేపర్లు దిద్దేవాళ్ల కంట్లో పడాలి." పిల్లలు అలాగే రాస్తారు. నిర్వచనం, లక్షణాలు, ప్రాముఖ్యం, ముగింపు. గైడులో ఏ వరస ఉందో జవాబు పత్రంలోనూ అదే వరస. లక్షణాల తర్వాతే ప్రాముఖ్యం ఎందుకు రావాలి, ముగింపు చేయాల్సిన పని ఏమిటి అని అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లూ లేరు. ఒక శాస్త్ర విషయాన్ని రచనగా ఎలా కట్టాలన్న దాని మీద, పన్నెండేళ్ల చదువులో చాలామందికి అందే పాఠం ఇదొక్కటే.

అదే విద్యార్థి పీజీలో ప్రాజెక్టు రిపోర్టు రాయాల్సి వచ్చినప్పుడు చేయి ఆడక కూర్చుంటాడు. వాక్యం రాయడం వచ్చు. మాటలూ తెలుసు. మొదటి పేజీలో ఏం చెప్పాలో, ఇతరులు చెప్పినదాన్ని ఎక్కడ ఎత్తుకోవాలో, తన మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. పరిశోధన విద్యార్థుల్లోనూ ఈ ఇబ్బంది చూస్తూనే ఉన్నాం.

భాష ఎలా నేర్పాలన్న చర్చ రెండు వందల ఏళ్లకు పైబడినది. విద్యా రచన ఎలా కట్టుబడి ఉంటుందన్న పరిశీలన గత అరవై ఏళ్లలో ఊపందుకుంది. ఈ రెంటి గురించీ మాట్లాడినవాళ్లు చాలావరకు ఎవరి దారిన వాళ్లు నడిచారు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: మన తరగతి గది వాక్యం దగ్గరే ఆగిపోయింది. వాక్యం తర్వాత పేరా, పేరా తర్వాత అధ్యాయం ఎలా నిలబడతాయో పిల్లలకు బాహాటంగా చూపాలి. ఆ చూపడం ముందు తెలుగులో జరగాలి.

ఇసుకలో అక్షరాలు

1823లో బళ్లారి జిల్లా కలెక్టర్ ఎ.డి. క్యాంబెల్ తన జిల్లాలోని బడుల మీద మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపారు. అప్పటికే ఆయన తెలుగు వ్యాకరణం ఒకటి రాసి అచ్చు వేయించినవారు. జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు ఉన్నట్టు లెక్క చెప్పారు. కన్నడ బడులూ తెలుగు బడులూ దాదాపు సమానంగా ఉన్నాయి. పిల్లలు ఇసుకలో వేలితో దిద్దుతూ అక్షరాలు నేర్చుకోవడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పడం ఆయనకు నచ్చాయి. నచ్చనిది ఒకటుంది. పిల్లలు వల్లె వేసే పద్యాల భాష ఇంట్లోనూ సంతలోనూ మాట్లాడే భాష కాదు. వందల పద్యాలు అప్పజెప్పే పిల్లవాడికి వాటి అర్థం చిలక్కి తెలిసినంతే తెలుసునని ఆయన బాధపడ్డారు.

క్యాంబెల్ మెచ్చిన ఆ రెండు పద్ధతులూ అప్పటికే సముద్రం దాటాయి. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమంలో పనిచేసిన ఆండ్రూ బెల్, ఇక్కడి బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన ఆశ్రమంలో ప్రవేశపెట్టారు. పిల్లల చేతే పిల్లలకు చదువు చెప్పించారు. దాని మీద 1797లో పుస్తకం వేశారు. అది 'మద్రాసు పద్ధతి'గా బ్రిటన్ బడుల్లో వ్యాపించింది. అరుగుబడి నుంచి లోకానికి వెళ్లిన బోధన పద్ధతి కూడా ఉందని మనం గుర్తుంచుకోవాలి. అయితే క్యాంబెల్ ఎత్తిచూపిన లోపం మాత్రం ఇక్కడే నిలిచిపోయింది. నోటికి వచ్చింది బుద్ధికి ఎలా ఎక్కుతుంది? తర్వాత వచ్చిన పద్ధతులన్నీ ఏదో ఒక రకంగా ఈ ప్రశ్నకు జవాబు వెతికినవే.

పద్ధతుల వరస

ఐరోపాలో లాటిన్, గ్రీకు నేర్పిన తీరే 19వ శతాబ్దిలో మిగతా భాషలకూ మూస అయింది. సూత్రం చెప్పడం, పదాల పట్టిక ఇవ్వడం, వాక్యాలను అటూ ఇటూ అనువదింపజేయడం. దీన్నే వ్యాకరణానువాద పద్ధతి అన్నారు. మనకు ఇది కొత్తగా తోచదు. శబ్దమంజరితో సంస్కృతం మొదలుపెట్టినవాళ్లకు ఈ దారి తెలుసు. గ్రంథం చదివి అర్థం చేసుకునే శక్తిని ఇది ఇస్తుంది. నోరు మాత్రం పెగలదు.

1882లో జర్మనీలో విల్‌హెల్మ్ ఫియెటర్ మారుపేరుతో ఒక కరపత్రం వేసి, భాషా బోధన వెనుదిరిగి వేరే దారి పట్టాలని గట్టిగా చెప్పారు. 1899లో ఇంగ్లండ్‌లో హెన్రీ స్వీట్ ధ్వనిశాస్త్రం పునాదిగా భాషాభ్యాసం మీద పుస్తకం రాశారు. వీళ్లకన్నా ముందే, 1878లో, అమెరికాలోని ప్రావిడెన్స్‌లో మాక్సిమిలియన్ బెర్లిట్జ్ తెరిచిన బడి నేర్చుకునే భాషలోనే నేర్పడం అనే నియమంతో పేరు తెచ్చుకుంది. ఇది ప్రత్యక్ష పద్ధతి.

ఈ గాలి మన దాకా వచ్చింది. 20వ శతాబ్ది మొదటి దశాబ్దంలో ఉత్తర కోస్తా బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. ఏట్స్, వాచకాల్లోని తెలుగూ జనం మాట్లాడే తెలుగూ ఎందుకు వేరుగా ఉన్నాయని ఇక్కడి పండితులను అడిగారు. ఆ ప్రశ్న గురజాడ అప్పారావును, గిడుగు రామమూర్తిని కదిలించింది. వ్యావహారిక భాషోద్యమాన్ని మనం సాహిత్య చరిత్రలో భాగంగా చదువుకుంటాం. దాని మొలక మాత్రం బడిలో, వాచకం చదవలేక తడబడిన పిల్లల ముందు పుట్టింది. గిడుగువారు అక్కడితో ఆగలేదు. పర్లాకిమిడి కొండల్లో సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకున్నారు, బడులు పెట్టించారు, 1931లో సవర భాష మీద ఇంగ్లీషులో ఒక మాన్యువల్ ప్రచురించారు. ఎలా నేర్పాలన్న ప్రశ్నకన్నా ముందు ఏ భాషలో నేర్పాలన్న ప్రశ్న ఉందని ఆయన తన జీవితంతో చెప్పారు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి విదేశీ భాషలు వచ్చినవాళ్లు త్వరగా కావలసివచ్చారు. విని అనడం, అన్నదాన్ని మళ్లీ మళ్లీ అనడం మీద ఆధారపడిన బోధన అప్పుడు బలపడింది. మిషిగన్‌లో చార్లెస్ ఫ్రైస్ వాక్య నమూనాలను పునాదిగా తీసుకున్నారు. మన దగ్గర 1950లలో మద్రాసు రాష్ట్రం ఇంగ్లీషుకు స్ట్రక్చరల్ సిలబస్ తెచ్చింది. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ వెలిసింది. ఇవాళ్టి ఇఫ్లూ అదే. పెన్ను చూపించి "దిస్ ఈజ్ ఎ పెన్" అని తరగతి అంతా ఒక్క గొంతుతో అనడం ఆ కాలపు బడి నుంచి వచ్చిన జ్ఞాపకం. 1959లో నోమ్ చామ్‌స్కీ, మనస్తత్వవేత్త స్కిన్నర్ పుస్తకం మీద రాసిన సమీక్షలో, ఈ బోధనకు ఆధారమైన, భాష అలవాట్ల మూట అన్న నమ్మకాన్నే ప్రశ్నించారు. ఆ తర్వాత డెల్ హైమ్స్, వ్యాకరణం తెలిస్తే చాలదు, ఎవరితో ఎప్పుడు ఏం మాట్లాడాలో తెలియడం కూడా భాష రావడమేనన్నారు. 1970లలో కమ్యూనికేటివ్ పద్ధతి ఆ మాట మీద నిలిచింది.

బెంగళూరు ప్రయోగం

ఈ వరసలో దక్షిణ భారతానికి సొంతమైన అధ్యాయం ఒకటుంది. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు నడిపిన బెంగళూరు ప్రాజెక్టు అది. సంపన్నుల బడుల్లో కాక మామూలు బడుల్లో జరిగింది. ప్రభు ఆలోచన సూటిగా ఉంటుంది. పిల్లవాడి మనసు అర్థం మీద ఉన్నప్పుడే వ్యాకరణం లోపల కుదురుకుంటుంది. కాబట్టి పాఠంలో వ్యాకరణం పెట్టొద్దు, తేల్చాల్సిన పని పెట్టండి అన్నారు.

ఆ తరగతిలో వాడిన పనుల్లో రైళ్ల టైమ్‌టేబుల్ ఒకటి. ఆ తీరు ఎలాంటిదో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక బండి ఉదయం ఆరింటికి బయలుదేరి పదకొండున్నరకు చేరుతుంది. ఇంకొకటి ఏడింటికి బయలుదేరి పదకొండుకే చేరుతుంది. పదకొండుంబావుకు పని ఉన్న మనిషి ఏది ఎక్కాలి? రెండో బండి తప్పిపోతే ఏం చేయాలి? ముందు మేష్టారు తరగతి మొత్తంతో ఇలాంటిదొకటి కలిసి తేలుస్తారు. తర్వాత అదే రకం పని ఎవరికి వారు చేస్తారు. దిద్దేటప్పుడు మొదట చూసేది జవాబు సరిగా తేలిందా లేదా అని. 1987లో ప్రభు ఈ అనుభవాన్ని పుస్తకంగా ఇచ్చారు. పని ఆధారంగా భాష నేర్పడమన్న ధోరణికి లోకమంతటా ఇది తొలి ఆధారాల్లో ఒకటి.

దీన్ని విడిగా మూల్యాంకనం చేసిన అలన్ బెరెట్టా, అలన్ డేవిస్‌లకు ఫలితాలు మొత్తానికి అనుకూలంగానే కనిపించాయి. అయితే ప్రాజెక్టు తరగతులనూ మామూలు తరగతులనూ పూర్తి సమానంగా పోల్చడం కుదరలేదు. మెరుగైన ఉపాధ్యాయుడి వల్ల వచ్చిన ఫలితమెంత, పద్ధతి వల్ల వచ్చినదెంత అన్నది విడదీయడం కష్టం. ఏ పద్ధతి విషయంలోనైనా ఈ చిక్కు ఉంటుంది.

ప్రభు 1990లో రాసిన వ్యాసంలో దీన్ని నిజాయితీగా ఎదుర్కొన్నారు. అందరికీ మేలైన పద్ధతంటూ లేదు, తన బోధన ఎందుకు పనిచేస్తోందో ఉపాధ్యాయుడికి ఉన్న సజీవమైన ఎరుకే అసలు బలం అన్నది ఆయన వాదం. ఆ ఎరుక చచ్చిపోతే ఏ పద్ధతైనా యాంత్రికమవుతుంది. బి. కుమారవడివేలు 1994లోనూ, 2003 నాటి పుస్తకంలోనూ దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లి, పద్ధతుల వేట వదిలి తన ఊరికీ తన పిల్లలకూ తగిన దారిని ఉపాధ్యాయుడే రూపొందించుకోవాలన్నారు. ఇప్పటికి తేలినది ఇంత: అర్థం లేని వల్లె నిలవదు, వినడానికీ చదవడానికీ పుష్కలంగా దొరకాలి, పిల్లలకు మాట్లాడాల్సిన అవసరం కలగాలి, రూపం మీద కూడా అప్పుడప్పుడు దృష్టి పెట్టాలి.

తేలనిది ఒకటి మిగిలింది. టైమ్‌టేబుల్ చదవగలిగిన పిల్లవాడు భూగోళం పాఠం చదవగలడా? 1979లో జిమ్ కమ్మిన్స్ కెనడాలో వలస పిల్లలను గమనించి, రోజువారీ మాటల భాషా చదువుల భాషా ఒకటి కావన్నారు. మొదటిది రెండేళ్లలో పట్టుబడుతుంది, రెండోదానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఇంగ్లీషు గలగలా మాట్లాడే పిల్లవాడు సైన్సులో ఎందుకు వెనకబడ్డాడో అర్థంకాని తల్లిదండ్రులకు ఈ తేడా చెప్పి తీరాలి.

రచన పొందిక

చదువుల భాషంటే కష్టమైన మాటల మూట మాత్రమే కాదు. మాటల వెనక ఒక అమరిక ఉంటుంది. 1966లో రాబర్ట్ కాప్లాన్, విదేశీ విద్యార్థుల ఇంగ్లీషు వ్యాసాలు చూసి, ఒక్కో సంస్కృతివాళ్లు ఒక్కోలా పేరా నడుపుతారని బొమ్మలు గీసి చూపారు. ఇంగ్లీషుకు తిన్నని గీత, ఆసియావాళ్లకు చుట్లు తిరిగే గీత. ఆ బొమ్మల మీద గట్టి విమర్శలు వచ్చాయి, రావలసినవే. పరాయి భాషలో తడబడుతూ రాసిన వ్యాసాన్ని బట్టి ఒక జాతి ఆలోచననే తూచడం సరికాదు. ఆయనే తర్వాత ఆ మాటలను కొంత సడలించుకున్నారు. అయినా ఒక మేలు జరిగింది. రచన నడక కూడా నేర్చుకోవలసిన విషయమేనని అందరూ గుర్తించారు.

జాన్ స్వేల్స్ దీన్ని గట్టి నేల మీద నిలబెట్టారు. లిబియాలో, సూడాన్‌లో శాస్త్ర విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పిన అనుభవం ఆయనది. 1981లో 48 పరిశోధన వ్యాసాల ఉపోద్ఘాతాలు విప్పి చూశారు. 1990 నాటి పుస్తకంలో వాటి నడకను మూడు అడుగులుగా చెప్పారు. ముందు ఈ రంగం ముఖ్యమైనదని నేల చూపడం. తర్వాత అందులో ఖాళీ ఎక్కడుందో చూపడం. చివరికి ఆ ఖాళీలో తాను నిలబడడం. ఈ మూడూ తెలుగులో ఎలా ఉంటాయో చూపడానికి నేను కట్టిన ఉపోద్ఘాతం ఇది:

"రాయలసీమ పల్లెల్లో సాగుకూ తాగుకూ బోరుబావే దిక్కు. బోర్ల లోతు ఏటేటా పెరగడం మీద చాలామంది రాశారు. అయితే బోరు ఎండిన ఇంట్లో నీళ్లు మోసే ఆడవాళ్ల పనిగంటలు ఎంత పెరిగాయో లెక్క కట్టినది తక్కువ. ఈ పరిశోధన మూడు ఊళ్లలో ఆ లెక్క తీస్తుంది."

నాలుగు వాక్యాలే. మొదటి రెండూ నేల. మూడోది ఖాళీ. నాలుగోది పరిశోధకుడు నిలబడే చోటు. మొత్తం భారమంతా "అయితే" అన్న ఒక్క మాట మోస్తోంది. దాన్ని తీసేసి చదవండి, నాలుగు సమాచారాలు విడివిడిగా పడి ఉంటాయి. విద్యార్థికి ఇది చూపడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు దొరక్క ఏళ్ల తరబడి ఇబ్బంది పడేవాళ్లు ఎందరో.

ఈ అమరికలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1665లో లండన్‌లో 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' మొదలైనప్పుడు అందులో చాలా రచనలు ఉత్తరాల్లా ఉండేవి. ఉపోద్ఘాతం, పద్ధతులు, ఫలితాలు, చర్చ అన్న నాలుగు భాగాల వరస పెద్ద వైద్య పత్రికల్లో 1940లలో కనిపించడం మొదలై, 1980లకు ఏకైక పద్ధతి అయింది. సంపాదకుల అవసరం, తీరికలేని పాఠకుడికి కావలసిన ముక్క తొందరగా దొరకాలన్న తపన దాన్ని స్థిరపరిచాయి. మనుషులు ఏర్పరచుకున్నది కాబట్టి దాన్ని నేర్చుకోవచ్చు, అవసరమైతే మార్చుకోవచ్చు.

మన గ్రంథాల కట్టుబాటు

మన శాస్త్ర సంప్రదాయానికీ ఈ ఎరుక ఉంది, దానికి పేర్లూ ఉన్నాయి. గ్రంథం మొదట్లోనే చెప్పవలసిన నాలుగింటిని అనుబంధ చతుష్టయం అన్నారు: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. దేని గురించి, ఎందుకు, ఆ రెంటికీ లంకె ఏమిటి, ఎవరికోసం. అర్థశాస్త్రం తన చివరి అధికరణంలో గ్రంథ రచనకు వాడిన 32 తంత్రయుక్తులను, అంటే రచనా ఉపాయాలను, వరసగా చెబుతుంది. న్యాయశాస్త్రంలో ఐదు అవయవాల వాక్యం ఉంది. కొండ మీద నిప్పుంది, ఇది ప్రతిజ్ఞ. పొగ ఉంది కాబట్టి, ఇది హేతువు. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లోలాగా, ఇది ఉదాహరణ. ఈ కొండా అలాంటిదే, ఇది ఉపనయం. కనక నిప్పుంది, ఇది నిగమనం. పేరా రాయడం నేర్పాలనుకునే మేష్టారికి ఇంతకన్నా తేటైన నమూనా అరుదు.

మీమాంసలో విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం అన్న నడక ఉంది. ఎదుటివాడి వాదాన్ని బలహీనపరచకుండా, వాడే ఒప్పుకునేంత గట్టిగా చెప్పి ఆ తర్వాత ఖండించడం అందులోని క్రమశిక్షణ. పీహెచ్‌డీ రచనను మనం ఇవాళ 'సిద్ధాంత గ్రంథం' అంటున్నాం. ఆ మాట వచ్చిన ఇంట్లో సిద్ధాంతానికి ముందు పూర్వపక్షం ఉండితీరాలి. మన సిద్ధాంత గ్రంథాల్లో ఎన్నింటిలో ఉందో చూసుకోవాలి.

కావ్యంలో అవతారిక కూడా ఇలాంటి కట్టుబాటే. ఇష్టదేవతాస్తుతి, పూర్వకవి స్తుతి, కుకవి నింద, కృతిపతి వర్ణన, షష్ఠ్యంతాలు. తెలుగు కవి తనకన్నా ముందువాళ్లకు దణ్ణం పెట్టి, తన చోటు చూపించి, అప్పుడు కథలోకి దిగుతాడు. ఇంతమాత్రాన అవతారికా పరిశోధన వ్యాసం ఉపోద్ఘాతమూ ఒకటేనని నేను అనను. స్తుతి వేరు, పరీక్ష వేరు. ముందువాళ్లను పరీక్షించడం నేర్పేది మీమాంస, అవతారిక కాదు. కాకపోతే రచనకు అడుగులుంటాయన్న మాట తెలుగు విద్యార్థికి అవతారికతో మొదలుపెట్టి చెప్పవచ్చు. తెలిసినదాని మీదుగా తెలియనిదానికి వెళ్లడం తేలిక.

తెలుగులో శాస్త్రం: మాట అందింది, నడక మిగిలింది

1906లో కొమర్రాజు లక్ష్మణరావు పూనికతో విజ్ఞానచంద్రికా మండలి పుట్టింది. చరిత్ర, శాస్త్రం తెలుగులో చదవవచ్చునని ఒక తరానికి రుజువు చేసింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్, డిగ్రీ పుస్తకాలు, పారిభాషిక పదకోశాలు తెచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వేసి, రైతు నోట ఎంత శాస్త్ర పదజాలం ఉందో చూపించారు. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది.

ఇది గొప్ప కృషి. అయితే ఎక్కువ భాగం మాట దగ్గరే సాగింది. వాక్యం, పేరా ఎలా నడవాలన్నదానికి అంత శ్రద్ధ దక్కలేదు. ఇంగ్లీషు పక్కన పెట్టుకుని రాసిన పుస్తకాల్లో "ఏ పదార్థాలైతే తమ గుండా విద్యుత్తును ప్రవహింపనిస్తాయో అట్టి పదార్థాలను వాహకాలు అంటారు" లాంటి వాక్యాలు ఎదురవుతాయి. "కరెంటును తమలోంచి పోనిచ్చే పదార్థాలు వాహకాలు" అంటే సరిపోతుంది. తెలుగు క్రియ చివరికి వస్తుంది, విశేషణంగా మారి నామం ముందు కూర్చుంటుంది. ఆ బలాన్ని వాడుకుంటే వాక్యం సగానికి తగ్గుతుంది.

శాస్త్ర రచనకు కావలసిన సన్నని తేడాలు చెప్పే శక్తి కూడా తెలుగుకు పుష్కలంగా ఉంది. ఫలానావారు "అన్నారు" అంటే నేను పక్షం వహించలేదు. "వాదించారు" అంటే ఇంకొక పక్షం ఉందని సూచన. "నిరూపించారు" అంటే నేను ఒప్పుకున్నాను. "భావించారు" అంటే నాకు సందేహం ఉంది. అలాగే "అవుతుంది", "కావచ్చు", "అయ్యేట్టుంది" అన్న మూడింటిలో పరిశోధకుడు ఎంత బాధ్యత నెత్తిన వేసుకుంటున్నాడో తెలిసిపోతుంది. కెన్ హైలండ్ వంటివారు ఇంగ్లీషులో ఇలాంటి జాగ్రత్త మాటలను లోతుగా పరిశీలించారు. తెలుగు శాస్త్ర రచనలో వీటి మీద అంత పరిశీలన జరగాలి, దాని ఫలితం తరగతి గదికి చేరాలి.

చూపాలా, దానంతట అదే రావాలా?

ఇక్కడ ఒక నిజమైన వివాదం ఉంది. ఆస్ట్రేలియాలో 1980ల నుంచి మైఖేల్ హాలిడే భాషాశాస్త్రం పునాదిగా జిమ్ మార్టిన్ తదితరులు రచనా ప్రక్రియలను బాహాటంగా నేర్పారు. ముందు ఒక నమూనాను విప్పి చూడడం, తర్వాత మేష్టారూ పిల్లలూ కలిసి రాయడం, చివరికి ఎవరికి వారు రాయడం. ఇంట్లో పుస్తకాలున్న పిల్లలకు ఈ పొందిక వింటూ చూస్తూ అబ్బుతుంది, లేని పిల్లలకు బడే దిక్కు, కనక దాచకుండా చూపడం న్యాయం అన్నది వాళ్ల వాదం. మరోవైపు, మూస చేతికిస్తే పిల్లలు మూసే పోస్తారన్న భయం ఉంది. 1998లో మేరీ లీ, బ్రయన్ స్ట్రీట్ విశ్వవిద్యాలయ రచనలో నైపుణ్యం ఒక్కటే కాదని, ఎవరి జ్ఞానానికి విలువ దక్కుతుందన్న అధికారం కూడా ఇమిడి ఉందని చెప్పారు.

నేను మొదటి పక్షం. సైడ్ హెడింగుల అనుభవమే నాకు ఆధారం. అక్కడ మూస ఉంది, కారణం లేదు. చెడు జరిగింది మూస వల్ల కాదు, దాని కారణం దాచడం వల్ల. ఎందుకో తెలిసి పాటించిన పద్ధతిని, ఎందుకో తెలిసే తెంచవచ్చు.

మన చేతిలో ఇప్పుడొక మంచి సాధనం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ప్రభుత్వ బడులకు ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు. మాధ్యమం గురించిన రాజకీయ వివాదం ఎలా ఉన్నా, ఒకే పాఠం రెండు భాషల్లో ఎలా నడుస్తుందో పోల్చిచూసే వీలు మన పిల్లలకు కలిగింది. ఆ ఎదురెదురు పేజీలను పదాల అర్థం వెతుక్కోవడానికే వాడితే చాలా నష్టపోతాం. ఉమ్మడి రాష్ట్రంలో సవర, కోయ, గోండి, కువి సహా ఎనిమిది భాషల్లో తొలి తరగతులు నడిపే కార్యక్రమం మొదలైనప్పుడు, గిడుగువారి ప్రశ్న మళ్లీ బడికి తిరిగొచ్చింది. ఆ పిల్లల భాషల్లో కథ చెప్పే పొందిక, ఊరి తగువు తీర్చే పొందిక ఉంటాయి. వాటినీ విప్పి చూడాలి.

ఖర్చులేని పని ఒకటి చెబుతాను. ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో ఒక పాఠం తీసుకోండి. సైడ్ హెడింగుల మీద కాగితం ముక్కలు కప్పండి. పిల్లలను ఒక్కో పేరా చదివించి ఒకటే అడగండి: ఈ పేరా ఇక్కడెందుకుంది? నిర్వచించడానికా, ఉదాహరణ చూపడానికా, కారణం చెప్పడానికా, రాబోయే సందేహం తీర్చడానికా? ఆ పని పేరు వాళ్లే పెట్టాలి, వాళ్ల మాటల్లో. తర్వాత కాగితాలు తీసి పుస్తకం పెట్టిన పేర్లతో పోల్చుకోవాలి. కొన్నిచోట్ల పిల్లలు పెట్టిన పేరే మేలుగా ఉంటుంది. కొన్నిచోట్ల ఆ పేరా అక్కడ ఉండాల్సింది కాదని వాళ్లే తేలుస్తారు. ఆ రోజు నుంచి వాళ్లు జవాబు పత్రంలో గీసే గీతకు ఒక కారణం ఉంటుంది.